పిన్‌బాల్ మళ్ళీ వస్తుందా, వస్తే మన హైదరాబాద్‌లో ఎక్కడికి వస్తుంది?

(హైదరాబాద్‌లో గేమింగ్, ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నన్ను మాట్లాడమన్న టాపిక్ ఏంటంటే, గ్లాసు కింద స్టీలు గుండుని కొడుతూ ఆడే పిన్‌బాల్ మెషిన్లు మళ్ళీ గేమ్ జోన్లలోకి వస్తాయా అని. నేను జవాబు ముందే చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. మన మాల్స్‌లో గేమ్ జోన్లు ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో అయితే రావు, ఒకటో రెండో తెచ్చిపెట్టినా నిలబడవు. కానీ గంటకింత అని తీసుకుని ఆడించే చోట, మెషిన్‌ని రోజూ చూసుకునే మనిషి ఉన్న చోట మాత్రం ఖాయంగా వస్తాయి, అమెరికాలో ఆల్రెడీ అలాగే వచ్చాయి. ఆ చూసుకునే మనుషులు మన ఊళ్ళో దండిగా ఉన్నారు, వాళ్ళకి పిన్‌బాల్ అంటే ఏంటో తెలీదు అంతే. నేను ఇవాళ చెప్పేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ఇక్కడున్నవాళ్ళలో అసలు పిన్‌బాల్ మెషిన్ మీద చెయ్యి వేసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. తక్కువే. విండోస్ ఎక్స్‌పీలో ఆడినవాళ్ళు? అదిగో, హాలంతా. అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చి, క్లాస్‌కీ క్లాస్‌కీ మధ్య నెట్ సెంటర్‌లో కూర్చుని, జెడ్ నొక్కితే ఎడమ ఫ్లిప్పర్, అంటే బాల్‌ని కొట్టే చిన్న తెడ్డు, స్లాష్ నొక్కితే కుడి ఫ్లిప్పర్, స్పేస్ బార్ పట్టుకుని వదిలితే బాల్ పైకి పోవడం, ఆ స్పేస్ కాడెట్ ఆట మన తరంలో కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడూ ఆడాడు. తర్వాత వచ్చిన విండోస్ విస్టాలో అది ఎందుకు లేదో తెలుసా, 64 బిట్‌కి మార్చాక బాల్ దేనికీ తగలకుండా వస్తువుల్లోంచి దూరిపోవడం మొదలైంది, దాన్ని సరిచెయ్యలేక తీసేశామని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ ఒకాయన చెప్పాడు. సో మనకి పిన్‌బాల్ తెలుసు. ఎత్తు పల్లం, బరువు, చప్పుడు లేని పిన్‌బాల్ తెలుసు. అసలుది తెలీదు.

అసలుది ఎలా ఉంటుందంటే, ఆరున్నర డిగ్రీలు వాలుగా పెట్టిన చెక్క బోర్డు, దాని మీద గ్లాసు, లోపల 80 గ్రాముల స్టీలు గుండు. 27 మిల్లీమీటర్లు ఉంటుంది అడ్డంగా. అది కిందకి జారిపోకుండా రెండు ఫ్లిప్పర్లతో కొట్టుకుంటూ ఉండాలి, ఆట మొత్తం ఇంతే. వాలు ఇంకాస్త తగ్గిస్తే ఆట నిద్రమొహం వేసుకుంటుంది, ఇంకాస్త పెంచితే కొత్తవాళ్ళు నిమిషం కూడా నిలబడలేరు. మెషిన్ కాళ్ళకి కింద లెవెలర్లు ఉంటాయి, వాటిని ఒకటి రెండు చుట్లు తిప్పితే ఆటే మారిపోతుంది. గేమ్ జోన్ వాళ్ళు ఫ్లోర్ తుడవడానికి మెషిన్‌ని జరిపి మళ్ళీ పెట్టినప్పుడు ఇది ఎవరూ చూసుకోరు. నేను చాలా ఏళ్ళుగా గేమ్ మెషిన్ల సర్వీస్ పనిలోనే ఉన్నా, అందుకే ఇలాంటివి నా కంట్లో పడుతూ ఉంటాయి.

ఇప్పుడు మాల్‌లో గేమ్ జోన్ ఎలా నడుస్తుందో చూద్దాం, ఎందుకంటే పిన్‌బాల్ అక్కడ ఎందుకు ఇమడదో అర్థమవ్వాలి. మీరు కౌంటర్లో కార్డు తీసుకుంటారు, ఐదొందలో వెయ్యో వేయిస్తారు, మెషిన్ దగ్గర ట్యాప్ చేస్తారు, బాస్కెట్ బాల్ అయితే అది నిమిషంలో అయిపోతుంది, సుత్తితో కొట్టేది అయితే ఇంకా తొందరగా అయిపోతుంది, టికెట్లు పడతాయి, చివర్లో పిల్లలు ఆ టికెట్లు తీసుకెళ్ళి పెన్సిల్ బాక్సో బొమ్మో తెచ్చుకుంటారు. నేను దాన్ని తప్పు పట్టట్లా, చిన్నపిల్లలకి అది పండగ, ఆ మెషిన్లు రిపేర్ చేసే నేను బతుకుతున్నా. కానీ ఓనర్ లెక్క ఎలా ఉంటుందంటే, ఒక మెషిన్ గంటలో ఎన్ని ట్యాపులు తీసుకుంది అనే దాని మీద ఉంటుంది. పిన్‌బాల్‌లో ఆట బాగా వచ్చినవాడు ఒక్క ట్యాప్‌తో ఇరవై నిమిషాలు నిలబడతాడు, పైగా మంచి స్కోర్ కొడితే ఇంకో ఆట ఫ్రీగా వస్తుంది. అంటే కస్టమర్‌కి ఆట ఎంత బాగా వస్తే ఓనర్‌కి అంత నష్టం. మరి రానివాడి సంగతి? వాడి బాల్ ఇరవై సెకన్లలో మధ్యలోంచి జారిపోతుంది, మూడు బాల్స్ అలా పోతాయి, టికెట్ కూడా ఏం రాదు, వాడు మళ్ళీ ఆ మెషిన్ వైపు చూడడు. రెండు వైపులా దెబ్బే.

పాత వీడియో గేమ్ షాపులు వేరు. నా వయసు వాళ్ళకి గుర్తుంటుంది, గల్లీలో చిన్న షట్టర్, లోపల మూడు నాలుగు మెషిన్లు, రూపాయి కాయిన్, ముస్తఫా అనే వీడియో గేమ్ ఆడుతున్న వాడి వెనక పదిమంది నిలబడి చూడటం. బాగా ఆడేవాడు ఎక్కువసేపు ఆడతాడని షాపు అన్న తిట్టేవాడు కానీ, వాణ్ణి చూడటానికి వచ్చిన పదిమందీ తర్వాత కాయిన్ వేసేవాళ్ళు. చుట్టూ నిలబడి చూసే ఆ గుంపు ఉంటేనే పిన్‌బాల్ బతుకుతుంది. మాల్ గేమ్ జోన్‌లో ఒకడి వెనక ఇంకొకడు నిలబడి చూసే అలవాటే లేదు, అందరూ కార్డు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

సరే, కొంచెం చరిత్రలోకి వెళ్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన పార్ట్, ఎందుకంటే ఇందులో సికింద్రాబాద్ కూడా వస్తుంది.

1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ అనే ఆయన బాఫిల్ బాల్ అని ఒక టేబుల్ మీద పెట్టుకునే మెషిన్ చేశాడు. ఫ్లిప్పర్లు లేవు, కరెంటు లేదు. స్ప్రింగ్ లాగి వదిలితే బాల్ మేకుల మధ్య దొర్లుతూ ఏదో ఒక గుంటలో పడుతుంది. అది అప్పటి ఆర్థిక మాంద్యం టైమ్, జనం దగ్గర డబ్బుల్లేవు, ఒక సెంటుకి కాసేపు కాలక్షేపం దొరుకుతుందంటే ఎవరు వద్దంటారు, 50 వేలకి పైగా అమ్ముడుపోయాయి. కానీ ఫ్లిప్పర్లు లేవు కాబట్టి బాల్ వదిలాక ఆడేవాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు, మెషిన్‌ని కుదపడం తప్ప. దాంతో పందేలు మొదలయ్యాయి, ఇది జూదం అని పేరు పడిపోయింది. 1942లో న్యూయార్క్ మేయర్ ఫియోరెల్లో లాగార్డియా నిషేధం పెట్టించి, పోలీసులతో వేల మెషిన్లు పట్టించి, తనే సుత్తి పట్టుకుని పగలగొడుతూ ఫొటోలు దిగాడు. స్కూలు పిల్లల జేబుల్లో డబ్బులు ఇవే లాగేస్తున్నాయని ఆయన బాధ. షికాగో, లాస్ ఏంజెలెస్‌లో కూడా నిషేధాలు వచ్చాయి.

తమాషా ఏంటంటే, ఆ నిషేధం నడుస్తుండగానే 1947లో ఫ్లిప్పర్లు వచ్చేశాయి. గాట్లీబ్ కంపెనీదే హంప్టీ డంప్టీ అనే మెషిన్, హ్యారీ మాబ్స్ డిజైన్, ఆరు ఫ్లిప్పర్లు ఉంటాయి దానికి, అటు మూడు ఇటు మూడు. ఆ రోజుతో పిన్‌బాల్ ఆడేవాడి చేతిలోకి వచ్చేసింది, కానీ న్యూయార్క్ చట్టం మాత్రం పాత ఆటనే చూస్తూ కూర్చుంది. ఎప్పటిదాకా? 1976 దాకా. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు సిటీ కౌన్సిల్ కమిటీ ముందుకి వచ్చి, ఇది నైపుణ్యం ఉన్న ఆట, ఆడి చూపిస్తా అన్నాడు. రెండు మెషిన్లు తెచ్చారు. ఆయన ప్రాక్టీస్ చేసిన మెషిన్ మీద అనుమానమొచ్చి ఒక సభ్యుడు, అది వద్దు ఆ పక్కన స్పేర్‌గా పెట్టిన దాని మీద ఆడు అన్నాడు. ఆడాడు. తర్వాత షార్ప్ ఏం చేశాడంటే, ఇప్పుడు నేను ప్లంజర్, అంటే బాల్‌ని వదిలే స్ప్రింగ్ కడ్డీ, ఇంత లాగి వదుల్తా, బాల్ పైన మధ్య దారిలోంచే దిగుతుంది చూడండి అని ముందే చెప్పి వదిలాడు, అది మధ్యలోంచే దిగింది. నిషేధం ఎత్తేశారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1963లో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు రైడ్ చేశారు, లోపల రమ్మీ ఆడుతున్నారు. జూదం కేసు పెట్టారు, అది కింది కోర్టు, హైకోర్టు దాటి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1968 తీర్పు అని లాయర్లు ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి ఏది పారెయ్యాలి అనేదానికి నేర్పు కావాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని జస్టిస్ హిదయతుల్లా రాశారు. దేశంలో స్కిల్ గేమ్ అంటే ఏంటి అనే వాదన వచ్చిన ప్రతిసారీ లాయర్లు ఈ సికింద్రాబాద్ కేసు తియ్యాల్సిందే. షార్ప్ న్యూయార్క్‌లో బాల్ వదలడానికి ఎనిమిదేళ్ళ ముందే మన ఊరి క్లబ్ పేరు మీద ఆ ప్రశ్నకి జవాబు వచ్చేసింది. నేనిది ఎందుకు చెప్తున్నా అంటే, పిన్‌బాల్ పెడితే పోలీసులొస్తారేమో అని నన్ను అడిగిన ఓనర్లు ఉన్నారు. పందెం లేకుండా, డబ్బు తిరిగివ్వకుండా ఆడించే ఆటకి భయపడాల్సింది ఏం లేదు, కాకపోతే లైసెన్సుల సంగతి మీ లాయర్‌ని అడిగి చేసుకోండి.

సరే. నిషేధాలు పోయాయి, 1980ల్లో వీడియో గేమ్‌ల దెబ్బ తిన్నా 90ల మొదట్లో పిన్‌బాల్ మళ్ళీ ఒక వెలుగు వెలిగింది. 1992లో ప్యాట్ లాలర్ డిజైన్ చేసిన ది ఆడమ్స్ ఫ్యామిలీ మెషిన్ 20,270 తయారయ్యాయి, ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చాక అంతకంటే ఎక్కువ అమ్మిన మెషిన్ ఇంకోటి రాలేదు. అక్కడి నుంచి ఏడేళ్ళు. ఏడేళ్ళకే, 1999 అక్టోబర్‌లో, ఆ మెషిన్ చేసిన విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ విభాగం మూసేసి స్లాట్ మెషిన్ల వ్యాపారంలోకి వెళ్ళిపోయింది. తర్వాత పదేళ్ళకి పైగా ప్రపంచం మొత్తం మీద పెద్ద ఎత్తున పిన్‌బాల్ చేసే కంపెనీ ఒక్కటే మిగిలింది, గ్యారీ స్టెర్న్ నడిపిన స్టెర్న్ పిన్‌బాల్.

ఎందుకిలా అయింది అంటే చాలామంది ప్లేస్టేషన్ వచ్చింది, అందుకే అంటారు. అది సగం నిజం. ఇంకో సగం నేను చెప్తా, అది నా పని కాబట్టి. వీడియో గేమ్ మెషిన్‌లో ఒక బోర్డు, ఒక మానిటర్, ఒక జాయ్‌స్టిక్, నాలుగు బటన్లు. పాడయ్యేది ఏదైనా ఉంటే జాయ్‌స్టిక్కే. పిన్‌బాల్‌లో కదిలే భాగాలు, స్విచ్‌లు, కాయిల్స్, బల్బులు, రబ్బర్లు కలిపి వందల్లో ఉంటాయి, పైగా ఒక స్టీలు గుండు రోజంతా వాటిని కొడుతూనే ఉంటుంది. అంటే మెషిన్ ఆడుతుంటేనే అరిగిపోతుంది. ఓనర్ ఒక నెల సర్వీస్ మానేస్తే ఒక స్విచ్ పనిచెయ్యదు, ఒక ఫ్లిప్పర్ బలహీనమవుతుంది, ఆడేవాడికి ఎందుకో తెలీదు కానీ మజా రాదు, వాడు రెండో కాయిన్ వెయ్యడు, కలెక్షన్ తగ్గుతుంది, కలెక్షన్ తగ్గింది కాబట్టి ఓనర్ సర్వీస్‌కి ఇంకా తక్కువ ఖర్చు పెడతాడు, ఆఖరికి కాగితం అతికించేస్తాడు, పనిచెయ్యడం లేదు అని. ఇలాంటి కాగితం అంటించిన మెషిన్‌ని నేనొక గేమ్ జోన్‌లో చూశా, పేరు వద్దు. ప్లగ్ పెట్టి చూస్తే ఒక ఫ్యూజ్ పోయింది, ఒక ఫ్లిప్పర్‌లో ప్లాస్టిక్ గొట్టం అరిగిపోయింది. పోయినవి ఇవి రెండే. కానీ దాన్ని విప్పి చూసే టైమ్ ఎవరికీ లేదు, మేనేజర్ దాన్ని స్క్రాప్‌కి ఇచ్చేశాడు, నేను అడిగేలోపే వెళ్ళిపోయింది. నాకు ఇప్పటికీ కోపమే అది తల్చుకుంటే.

క్యారమ్స్ ఆడినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వానాకాలంలో చెమ్మ పట్టి ఉబ్బిన బోర్డు మీద, పౌడర్ లేకుండా, ఎంత గొప్ప ఆటగాడైనా ఏం ఆడతాడు? నాలుగు షాట్లు కొట్టి లేచిపోతాడు.

ఇదిగో, ఇది చూడండి. కనిపిస్తోందా? ఇది ఫ్లిప్పర్ కింద బోర్డుకి బిగించే అసెంబ్లీ. మీరు పక్కన బటన్ నొక్కినప్పుడు జరిగేది మొత్తం ఇక్కడే. ఈ చుట్టిన రాగి తీగ ఉంది కదా, కాయిల్, దీని మధ్యలో ఈ నైలాన్ గొట్టం, గొట్టంలో ఈ ఇనప కడ్డీ, ప్లంజర్ అంటారు దీన్ని కూడా. కాయిల్‌కి కరెంటు ఇస్తే ఇది ఠక్కున లోపలికి లాక్కుంటుంది, లాక్కుంటే ఈ లింకు తిరిగి పైన ఫ్లిప్పర్ కొడుతుంది. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి, ఇందులో ఉన్నది ఒక చుట్టు కాదు, రెండు. లావు తీగతో ఒకటి, సన్న తీగతో ఒకటి. కొట్టే క్షణంలో లావు తీగలో గట్టిగా కరెంటు పోవాలి, లేకపోతే గుండు ర్యాంప్, అంటే బోర్డు మీద పైకి లేచే వాలు దారి, ఎక్కదు. కానీ మీరు బటన్ పట్టుకునే ఉంటారు, గుండుని ఫ్లిప్పర్ మీద ఆపుకుని ఎటు కొట్టాలా అని ఆలోచిస్తారు, అంతసేపు అంత కరెంటు పోతే కాయిల్ కాలిపోతుంది. అందుకని ఫ్లిప్పర్ పూర్తిగా పైకి లేచాక ఇదిగో ఈ చివరన ఉన్న చిన్న ఆకు స్విచ్ తెరుచుకుంటుంది, అప్పటినుంచి కరెంటు సన్న తీగలోంచి కూడా దాటి పోవాలి కాబట్టి తగ్గిపోతుంది, పట్టుకుని ఉండటానికి సరిపోయేంత మాత్రం మిగులుతుంది. పాత మెషిన్లలో ఇలా ఉండేది, కొత్తవాటిలో ఇదే పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, కరెంటుని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ.

ఈ ఆకు స్విచ్ కాంటాక్ట్‌కి మసి పట్టిందనుకోండి, ఫ్లిప్పర్ కొట్టేటప్పుడే కరెంటు తగ్గిపోయి దెబ్బ మెత్తగా పడుతుంది. సరిగ్గా తెరుచుకోలేదనుకోండి, కాయిల్ వేడెక్కి వాసన వస్తుంది. గొట్టం అరిగితే ప్లంజర్ రాసుకుంటూ వెళ్తుంది, నల్లపొడి రాలుతుంది, ఆ పొడి బోర్డు మీదకి చేరి, గుండుకి అంటుకుని, గుండు సాండ్ పేపర్‌లా తయారై పెయింట్‌నే తినేస్తుంది. మన సిటీ దుమ్ము దీనికి అదనం. బోర్డు తుడిచి వ్యాక్స్ పెట్టాలి, గుండు గీతలు పడితే మార్చాలి. గుండు ఖర్చు చాలా తక్కువ, దాన్ని మార్చకపోతే పాడయ్యే బోర్డు మాత్రం దొరకదు.

ఇప్పుడు నన్నొకటి చెప్పనివ్వండి. ఈ కాయిల్ చుట్టడం ఎవరికి రాదు మన ఊళ్ళో? రాణీగంజ్ చుట్టుపక్కల, బాలానగర్‌లో మోటార్ రీవైండింగ్ చేసేవాళ్ళు చేతిలో పట్టుకుని గేజ్ చెప్పేస్తారు, తీగ మందం చూసి చుట్లు లెక్కపెట్టేస్తారు. ప్లంజర్ తిప్పడానికి బాలానగర్‌లో లేత్ ఉన్న ప్రతి షెడ్డూ సరిపోతుంది. ట్రాన్సిస్టర్లు, కనెక్టర్లు, ఫ్యూజులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. బోర్డు రిపేర్‌కి సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు మైక్రోస్కోప్ పెట్టుకుని లాప్‌టాప్ మదర్‌బోర్డులు బాగుచేసే కుర్రాళ్ళు ఉన్నారు, వాళ్ళకి పిన్‌బాల్ బోర్డు నల్లేరు మీద నడక. అమెరికాలో ఇప్పుడు పిన్‌బాల్‌కి అతిపెద్ద కొరత ఏంటి అంటే టెక్నీషియన్లు అని అక్కడి ఓనర్లు వాపోతుంటారు. మనకి అదే దండిగా ఉంది.

మరి అమెరికాలో ఎలా తిరిగొచ్చింది? ఆర్కేడ్లు ముందు రాలేదు, ఇళ్ళల్లోకి వచ్చింది ముందు. చిన్నప్పుడు కాయిన్లు వేసినవాళ్ళు పెద్దయ్యి, సంపాదించి, గ్యారేజీలో ఒకటి పెట్టుకున్నారు. జాక్ గ్వార్నియేరి అనే ఆయన 2011లో జెర్సీ జాక్ పిన్‌బాల్ పెట్టాడు, 2013లో ది విజార్డ్ ఆఫ్ ఓజ్ మెషిన్ తెచ్చాడు, పెద్ద ఎల్‌సీడీ స్క్రీన్‌తో, అక్కడితో స్టెర్న్‌కి పోటీ వచ్చింది. 1997 నాటి మెడీవల్ మ్యాడ్‌నెస్ మెషిన్‌కి ఎంత గిరాకీ అంటే 2015లో దాన్ని మళ్ళీ తయారుచేసి అమ్మారు. ఇంకోవైపు 2004లో బ్రూక్లిన్‌లో బార్కేడ్ అని మొదలైంది, బీరు తాగుతూ పాత ఆటలు ఆడే చోటు, తర్వాత అలాంటివి చాలా ఊళ్ళల్లో వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యమైంది లీగులు. అంతర్జాతీయ ఫ్లిప్పర్ పిన్‌బాల్ అసోసియేషన్ అని ఒకటుంది, ఐఎఫ్‌పీఏ, ఏ ఊళ్ళో చిన్న టోర్నీ పెట్టినా రిజల్ట్ పంపితే ఆటగాళ్ళకి ప్రపంచ ర్యాంకు వస్తుంది. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా బెల్స్ అండ్ చైమ్స్ అని ఓక్లాండ్‌లో మొదలై ఊరూరా శాఖలొచ్చాయి. 2021 నుంచి స్టెర్న్ మెషిన్లలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి లాగిన్ అవ్వొచ్చు, మీ స్కోర్లు, మీరు సాధించినవి ఏ ఊళ్ళో ఆడినా మీ ఖాతాలో చేరతాయి.

అంటే గుంపు మళ్ళీ తయారైంది. వారానికోసారి నలుగురు నలుగురుగా ఒక మెషిన్ దగ్గర నిలబడి, ఒకడు ఆడుతుంటే ముగ్గురు చూస్తూ, అబ్బా అంటూ. ముస్తఫా షాపులో ఉన్నది అదే కదా.

[సభలోంచి ఒకరు: సార్, ఇదంతా మొబైల్‌లో ఫ్రీగా ఆడుకోవచ్చు కదా, ఇంత ఖర్చు పెట్టి ఎవరొస్తారు?]

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆడుకోవచ్చు, నేనూ ఆడతా, విజువల్ పిన్‌బాల్ అని కంప్యూటర్లో ఓపెన్ సోర్స్‌ది ఉంది, అద్భుతంగా చేశారు. రూల్స్ నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. కానీ మొబైల్‌లో దొరకనిది ఏంటంటే, గుండు మధ్యలోంచి జారబోతోంది, ఇంక ఫ్లిప్పర్ అందదు, ఆ క్షణంలో మీరు రెండు అరచేతులతో మెషిన్‌ని పక్కకి ఒక్క నెట్టు నెడతారు. ఎంత నెట్టాలి? ఎక్కువ నెడితే టిల్ట్ అయిపోతుంది, లైట్లన్నీ ఆరిపోతాయి, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, ఆ బాల్ మీద వచ్చిన బోనస్ కూడా పోతుంది. తక్కువ నెడితే గుండు ఆగదు. లోపల ఏముందో తెలుసా, మేస్త్రీ గోడ నిలువు చూడటానికి తాడుకి కట్టి వేలాడేస్తాడే గుండు, అలాంటిదే ఒకటి ఇనప రింగు మధ్యలో వేలాడుతూ ఉంటుంది. మెషిన్ గట్టిగా కదిలితే అది రింగుకి తగులుతుంది, తగిలితే టిల్ట్. తొంభై ఏళ్ళ కిందట హ్యారీ విలియమ్స్ మొదలుపెట్టిన ఐడియా ఇది, ఇప్పటి మెషిన్లలో కూడా చాలావరకు ఇంతే. దానికి ముందు ఒకటి రెండు వార్నింగులు ఇస్తుంది. ఆ గుండు ఇప్పుడు ఊగుతోందా ఆగిందా అని గ్లాసు బయట నిలబడి ఊహించుకుంటూ రెండో నెట్టు నెట్టాలా వద్దా అని తేల్చుకోవాలి, పావు సెకనులో. ఇది చేతికి తెలియాలి. ఫోన్‌ని ఎంత ఊపినా అది రాదు. నేను నేర్పించిన పిల్లల్లో మొదటిసారి అలా నెట్టి బాల్ కాపాడుకున్నప్పుడు మొహం చూడాలి మీరు, స్కోర్ ఎంతో కూడా చూసుకోరు.

ఇప్పుడు డబ్బు సంగతి. స్టెర్న్ వాళ్ళ మామూలు మోడల్ అక్కడే ఏడు వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది, అంటే మన డబ్బుల్లో ఆరు లక్షల దగ్గర, దాని మీద షిప్పింగ్, డ్యూటీ, ట్యాక్సు. లెక్క కోసం ఇక్కడ దిగేసరికి పది లక్షలు అయిందనుకుందాం. ఒక మెషిన్ దగ్గర గంటకి 200 తీసుకుని, రోజుకి ఐదు గంటలు ఎవరో ఒకరు ఆడుతున్నారనుకుంటే నెలకి 30 వేలు, మెషిన్ డబ్బులు తిరిగి రావడానికే మూడేళ్ళ దగ్గర పడుతుంది, రెంటు, కరెంటు, జీతం ఇంకా కలపలేదు. కష్టమైన లెక్కే, నేను తీపి మాటలు చెప్పను. అందుకే ఒక్కటే ఆధారంగా షాపు పెట్టొద్దంటా. అమెరికాలో బార్లు మోశాయి దాన్ని, బీరు అమ్మకం మీద లాభం, మెషిన్ జనాన్ని లాగడానికి. మన దగ్గర ఆ దారి నాకు నచ్చదు, కాలేజీ పిల్లలు, ఫ్యామిలీలు రావాలి. మనకి బోర్డ్ గేమ్ కేఫ్‌లు వచ్చాయి, మాదాపూర్, కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు గంటకింత అని తీసుకుని కాఫీ అమ్ముతారు. స్నూకర్ పార్లర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, అక్కడ టేబుల్ గుడ్డ మీద ఎంత శ్రద్ధ పెడతారో చూడండి, చిరిగితే ఆటగాళ్ళు వేరే పార్లర్‌కి పోతారని తెలుసు కాబట్టి. ఆ ఓనర్ల దగ్గర నాలుగు పిన్‌బాల్ మెషిన్లు పెడితే బతుకుతాయి. గంటల లెక్క అయితే బాగా ఆడేవాడు ఎక్కువసేపు ఆడినా ఓనర్‌కి నష్టం లేదు, కొత్తవాడి బాల్ జారిపోయినా వాడికి బాధ లేదు, మళ్ళీ స్టార్ట్ నొక్కుతాడు. కార్డు ట్యాప్ దగ్గర వచ్చిన చిక్కంతా ఇక్కడ విడిపోతుంది. ఒకటి కాదు నాలుగు అన్నా, గమనించండి. ఒక్క మెషిన్ పెట్టి జనం రాలేదంటే ఒప్పుకోను, ఒకటుంటే వెయిటింగ్, నాలుగుంటే లీగ్.

[సభలోంచి ఒకరు: అన్నా, ఇక్కడే తయారు చెయ్యలేమా?]

చెయ్యొచ్చమ్మా. పెద్ద ఫ్యాక్టరీ అని కాదు, ముందు ఒకటి. మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్ అని ఉంది, ఓపెన్ సోర్స్, పైథాన్‌తో రాశారు, రూల్స్ అన్నీ కాన్ఫిగ్ ఫైళ్ళలో రాసుకోవచ్చు, ఇక్కడ కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రెండు వీకెండ్లలో వచ్చేస్తుంది. కాయిల్స్ నడిపే కంట్రోలర్ బోర్డులు కొనుక్కోవచ్చు. చెక్క బోర్డు కొయ్యడానికి సీఎన్‌సీ రౌటర్ కావాలి, రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023లో మొదలుపెట్టారు, ప్రోటోటైపులు చేసుకోవడానికే పెట్టిన చోటు అది. ఆర్ట్‌వర్క్ సంగతి అయితే నాకొక కోరిక ఉంది, చెప్తా. ఇప్పటిదాకా వచ్చిన మెషిన్లు దాదాపు అన్నీ అక్కడి సినిమాలు, అక్కడి బ్యాండ్ల మీద. నుమాయిష్ మీద ఒక మెషిన్ ఎందుకు ఉండకూడదు? జనవరి ఒకటి నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జరిగేది ప్రతివాళ్ళకీ తెలుసు. ఎడమ ర్యాంప్ మీద చిన్న రైలు, అది తిరిగితే జెయింట్ వీల్ లైట్లు ఒక్కొక్కటే వెలగాలి, మూడు టార్గెట్లు కొడితే మిర్చి బజ్జీ స్టాల్ తెరుచుకోవాలి, మల్టీబాల్, అంటే ఒకేసారి రెండు మూడు గుండ్లు ఆడటం, మొదలైనప్పుడు టైమ్ అయిపోయింది గేట్లు మూసేస్తున్నాం అని మైకులో అనౌన్స్‌మెంట్ రావాలి. నేను కాగితం మీద గీసుకున్నా, ర్యాంప్ కోణాలు ఇంకా కుదర్లేదు, ఫ్లిప్పర్ నుంచి కొడితే రైలు ర్యాంప్ చివరిదాకా ఎక్కేంత ఊపు రావాలంటే మొదలు ఇంకా వెడల్పు చెయ్యాలి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, రెండు ముక్కల్లో ముగిస్తా. ఎవరికైనా కేఫ్ ఉంటే, స్నూకర్ పార్లర్ ఉంటే, నాతో మాట్లాడండి, సర్వీస్ షెడ్యూల్ ఎలా ఉండాలో రాసిస్తా, మొదటి ఆర్నెల్లు నేనే వచ్చి చూస్తా. రీవైండింగ్ షాపు వాళ్ళు గానీ, వాళ్ళ బంధువులు గానీ ఇక్కడ ఉంటే దయచేసి ఆగండి, ఈ కాయిల్ రెండు గేజ్‌లు కొలిచి చూడాలి, నాకు ఇలాంటివి పది చుట్టించాలి. మిగతావాళ్ళు ఈ అసెంబ్లీ చేత్తో పట్టుకుని చూడాలంటే రండి, పన్నెండు వోల్టుల సప్లైకి కలిపి పెట్టా, అసలు మెషిన్‌లో అయితే ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది, దీంతో షాక్ కొట్టదు కానీ ఈ లింకు దగ్గర మాత్రం వేలు పెట్టొద్దు.